పదిహేడు మంది అవెర్కీలు

కపితోలినా గొంతు గురించి ముందే చెప్పుకోవాలి, లేకపోతే ఆవిడ గురించి ఏం చెప్పినా సగమే చెప్పినట్టు. ముప్ఫై నాలుగేళ్లు మా కల్యూగినో సర్కారు పొలంలో దూడల కొట్టం చూసుకున్న మనిషి. పొద్దున్నే కొట్టం గుమ్మంలో నిలబడి ఒక్క కేక పెట్టిందంటే వ్యాత్కా నదికి అవతలి ఒడ్డున మేస్తున్న పరాయి దూడలు కూడా తలెత్తి చూసేవి. ఆవిడ పింఛను పుచ్చుకుని ఇరవై ఏళ్లు దాటింది కానీ ఆ గొంతు ఇంకా పుచ్చుకోలేదు. చర్చిలో అయ్యగారి చెవిలో చెప్పుకోవలసిన పాపాలు ఆవిడ చెబుతుంటే చిట్టచివరి వరసకి కూడా వినబడేవి. అందుకే కాపా ఒప్పుకోలుకి వెళ్లిందంటే పాటలు పాడేవాళ్లు పాపం కాస్త గట్టిగా అందుకునేవారు. కాపా అంటే ఆవిడే, ఊళ్లో ఎవరూ పూర్తి పేరు పెట్టి పిలవరు. ఏ కోడి ఎవరి పెరట్లో గుడ్డు పెడితే తీసుకుందో, ఏ ఉపవాసం రోజున పాలు తాగిందో, కాపా పాపాలు ఊరందరికీ కంఠతా వచ్చు. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఆవిడ ఎప్పుడూ అక్కడ చెప్పలేదు.

ఆ గొంతు తండ్రి సొత్తు. పంతొమ్మిదివందల ముప్ఫై ఏడు దాకా అవెర్కీ అయ్యగారే మా ఊరి చర్చికి పూజారి. ఆయన్ని చూసిన ముసలాళ్లు ఊళ్లో ముగ్గురో నలుగురో మిగిలారు, వాళ్లకి ఆయన పేరెత్తగానే ముందు నవ్వొస్తుంది. పొట్టి మనిషి, ఎర్ర గడ్డం. ఆదివారం పూజ అయీ కాగానే అంగీ అంచులు నడుముకి దోపేసి, మైదానంలో కుర్రాళ్లతో కర్ర విసిరి చెక్కముక్కలు పడగొట్టే ఆట ఆడేవాడు. ఓడిపోతే ఒప్పుకునేవాడు కాదు, గాలి అడ్డొచ్చిందనేవాడు. దేవుడే వద్దన్న ఆనాటి సర్కారువాళ్లు చర్చి గంటలు దింపుకుపోయారు. ఈయన పాత నాగలి చక్రం ఒకటి దూలానికి వేలాడదీసి దాన్ని వాయించడం మొదలుపెట్టాడు. వాళ్లు మళ్లీ వచ్చి దాన్నీ పట్టుకుపోయారు. అప్పుడేం చేశాడయ్యా అంటే, గంట మేడ ఎక్కి కిటికీలోంచి తల బయటపెట్టి, "రండర్రా, మొదలెడుతున్నా!" అని ఊరంతా దద్దరిల్లేలా కేకేసేవాడు. మనిషిని కూడా పట్టుకుపోయేదాకా ఆ కేక ఆగలేదు.

ఆ అక్టోబరులో ఇద్దరు మనుషులు బండి కట్టుకొచ్చి ఆయన్ని ఎక్కించుకుపోయారు. అంతే, తిరిగి రాలేదు. ఉన్నాడో లేడో చెప్పే నాథుడు లేడు. కాపాకి అప్పుడు పదకొండేళ్లు.

మా ఇళ్లలో ప్రతి ఇంటికీ దేవుడి పటం కింద చిన్న పేర్ల పుస్తకం ఒకటి ఉంటుంది. ముందు సగంలో బతికున్నవాళ్ల పేర్లు, వాళ్ల ఆరోగ్యం కోసం. వెనక సగంలో పోయినవాళ్ల పేర్లు, వాళ్ల శాంతి కోసం. కాపా తల్లి పెలగేయా మొగుడి పేరు ముందు సగంలోనే ఉంచింది. "కాగితం చూపించందే నా మొగుణ్ణి నేను చంపుకోను" అనేది. ఇరవై ఏళ్ల తర్వాత కాగితం వచ్చింది, నలభై మూడులో జైలు శిబిరంలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడని. పెలగేయా కళ్లు తుడుచుకుని పేరు వెనక సగంలోకి మార్చింది, తర్వాత మూడేళ్లకి తనూ ఆ సగంలోకే వెళ్లింది. కాలం మారి సర్కారు మారాక కాపాకి ఇంకో కాగితం వచ్చింది. జబ్బూ లేదు, శిబిరమూ లేదు. పట్టుకెళ్లిన రెండో నెలలోనే, డిసెంబరులో, కాల్చేశారు.

"చూశావటే ఫైనా, ఇరవై ఏళ్లు చచ్చిపోయిన మనిషి ఆరోగ్యం కోసం మొక్కాం" అని ఆ రోజు పక్కింటి ఫైనాతో అంది కాపా. "పైన ఎంత ఆరోగ్యంగా ఉన్నాడో మా నాన్న!" ఇద్దరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. తర్వాత ఇద్దరూ ఏడ్చారు. మళ్లీ టీ పెట్టుకున్నారు.

అప్పటి నుంచి కాపాకి తండ్రి శాంతి ప్రార్థన ఒక ఉద్యోగం అయిపోయింది. పోయినవాళ్ల శనివారం వచ్చిందంటే తెల్లవారకముందే లేచి గోధుమలు ఉడకబెట్టి, తేనె, ఎండుద్రాక్ష కలిపి గిన్నెడు కుత్యా పట్టుకెళ్లి చర్చిలో బల్ల మీద పెట్టేది. అయ్యగారికిచ్చే పేర్ల చీటీలో మొదటి పేరు అవెర్కీ. అయ్యగారు ఆ పేరు చదివి, తెలిసీ తెలియక చేసిన పాపాలు మన్నించమని దేవుణ్ణి అడిగినప్పుడల్లా నడుం వంచి దణ్ణం పెట్టేది. తండ్రికి ఒక్క గ్లాసు టీ కాచి ఇచ్చే యోగం ఆవిడకి దక్కలేదు. చెయ్యడానికి మిగిలింది ఈ ఒక్క పని, అది ఏ ఒక్క ఏడూ తప్పలేదు.

అలాంటిది, మొన్న రెండువేల రెండులో ఈస్టరు వెళ్లిన మూడో వారం పెద్ద చర్చి నుంచి ఉత్తరం వచ్చింది. అవెర్కీ అయ్యగారిని విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన పరిశుద్ధుల్లో చేర్చారు! ఇప్పటి అయ్యగారు రొదియోన్ ముప్ఫై ఒక్కేళ్ల కుర్రాడు, పట్నం పిల్లాడు, కళ్లద్దాలు, బాతుల్ని చూస్తే భయం. ఉత్తరం ఆయనే చదివి వినిపించాడు. ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఎవరో పరిగెత్తుకెళ్లి గంటలు కొట్టేశారు. కాపా ఫైనా భుజం తడిసిపోయేలా ఏడ్చింది, సంతోషమంటే అదీ.

ఆ సంతోషం అయిదు నిమిషాలైనా నిలవలేదు. "వచ్చే ఆదివారం ఆయన శాంతి కోసం ఆఖరి ప్రార్థన చేద్దాం" అన్నాడు అయ్యగారు. "ఆ తర్వాత ఎవరూ ఆయన పేరు పోయినవాళ్ల చీటీల్లో రాయకండి."

"ఎందుకు రాయకూడదు?" జనం మధ్యలోంచి కాపా గొంతు లేచింది.

"పరిశుద్ధుడు కదా మామ్మగారూ. ఆయన పాపాలు మన్నించమని దేవుణ్ణి మనం అడగడమేమిటి? తప్పు. ఇక నుంచి ఆయనే మన కోసం దేవుణ్ణి అడుగుతారు. మనకేం కావాలో మనం ఆయనకి చెప్పుకోవాలి."

"ఎవరు చెప్పుకోవాలి? నేనా?"

"అందరికంటే ముందు మీరే. కూతురు కదా."

"నేను చెప్పుకోను" అంది కాపా. "నేను ఆయన్ని ఏమీ అడగను. నా పని నన్ను చేసుకోనివ్వండి."

ఊళ్లో అందరూ ముసలావిడకి మొండితనం ముదిరిందనుకున్నారు. ఆఖరి ప్రార్థన నాడు ఆవిడ కుత్యా తెచ్చింది, దణ్ణాలు పెట్టింది, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోయింది. ఫైనా ఊరుకునే రకమా? కంచె మీదుగా తల పెట్టి అడిగేసింది.

"ఏమే, ఊరూరంతా మీ నాన్నని ఏం అడుగుదామా అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంటే నీకెందుకే ఆ బెట్టు? మా నాన్నని చూడు, గుర్రాల దొంగ. ఆయనకి ఎవరైనా పటం కట్టిస్తారా?"

"అదృష్టవంతురాలివి" అంది కాపా. "మీ నాన్న కోసం నీ ఇష్టం వచ్చినన్ని ప్రార్థనలు చేసుకో. వద్దనేవాడు లేడు."

దొంగ కూతుర్ని చూసి పరిశుద్ధుడి కూతురు కుళ్లుకోవడం లోకంలో ఎక్కడైనా ఉందా! ఫైనా తల కంచె అవతలికి లాగేసుకుంది.

జూన్‌లో పెద్ద శనివారం వచ్చింది, ఊరంతా చచ్చిపోయినవాళ్ల పేర్లు రాసుకొచ్చే రోజు. చర్చి నిండిపోయింది. రొదియోన్ అయ్యగారు చీటీల కట్ట చేతిలోకి తీసుకుని ఒక్కో పేరూ పైకి చదవడం మొదలుపెట్టాడు. మొదటి చీటీలో అవెర్కీ అని వచ్చింది. సరే, ఎవరో మరిచిపోయి రాశారనుకున్నాడు. రెండో చీటీలోనూ అవెర్కీయే. నాలుగో దాంట్లో "సైనికుడు అవెర్కీ". ఆరో దాంట్లో "చంటిబిడ్డ అవెర్కీ". ఇంకోదాంట్లో "ప్రయాణంలో పోయిన అవెర్కీ". ఫైనా దస్తూరీ ఆయన బాగా ఎరుగును, అందులో ఉత్సాహం పట్టలేక మూడుసార్లు వరసగా రాసేసింది. అయ్యగారు చదువుతూనే ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పదిహేడో అవెర్కీ దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, కాపా వైపు చూశాడు. కాపా పైకప్పు చూస్తోంది. ఒక్కో చీటీకి ఒక్కో సీసా ఉప్పులో ఊరిన పుట్టగొడుగులు పంచిపెట్టి చేయించిన పని మరి.

మధ్యాహ్నం ఆయన నేరుగా కాపా ఇంటికి వచ్చాడు. వాకిట్లో మగబాతు అడ్డొస్తే సంచీ అడ్డం పెట్టుకుని పక్కగా నడిచి గుమ్మం ఎక్కాడు. కాపా టీ పోసింది, పుల్లటి ఆకుకూర నింపిన రొట్టెలు ముందు పెట్టింది. ఆయన ఒకటి తిన్నాడు, రెండోది చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ ఊళ్లో మొత్తం ఎంతమంది అవెర్కీలు పోయారు మామ్మగారూ?"

"చాలామందే ఉంటారు. పాత ఊరు కదా."

"పదిహేడు మంది తేలారు. అందులో ఒకడు చంటివాడు కూడా."

"అయ్యో పాపం" అంది కాపా.

అయ్యగారికి నవ్వాగలేదు. టీ పొలమారింది. కాపా కూడా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తువ్వాలు తీసి కిటికీ మూసి వచ్చింది.

"పక్కింటి ఫైనా ఆవిరి స్నానానికి వెళ్లింది. ఇప్పుడు చెబుతాను, వినండి. మళ్లీ చెప్పలేను." ఆవిడ తన గొంతుని ఎంత అణచగలదో అంత అణిచింది. "ఆ సెప్టెంబరులో మా పంతులమ్మ నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి కాగితం ఇచ్చింది. పూజారి కూతురికి బళ్లో చోటు లేదు, ఉండాలంటే రాయి అంది. రాశాను. అవెర్కీ అనే మనిషి నాకు తండ్రి కాడు, ఆయనతో నాకే సంబంధమూ లేదు అని. కింద సంతకం. జిల్లా పేపర్లో అచ్చేశారు, మూడు లైన్లు. ఇంటికొచ్చిన పేపరు నేనే పొయ్యిలో పెట్టేశాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. వారం తిరక్కుండా ఆయన్ని పట్టుకుపోయారు. నాకు వీడ్కోలు చెప్పి తల నిమిరాడు అయ్యగారూ. ఆయనకి తెలిసి నిమిరాడో తెలియక నిమిరాడో నాకిప్పటికీ తెలియదు."

అయ్యగారు రొట్టె కింద పెట్టేశాడు.

"ఆయన కోసం దేవుణ్ణి అడగమంటే అడుగుతాను, మోకాళ్లు అరిగేలా అడుగుతాను. అది నేను ఆయనకి చేసే సేవ. కానీ నా కోసం ఆయన్ని అడగమంటే ఏ మొహం పెట్టుకుని అడగను? నువ్వెవరివే, నీ తండ్రినే కాదన్నావుగా అంటే?"

ఇలాంటి చోట ఏదో ఒక వాక్యం చెప్పేసి బయటపడే అయ్యగార్లున్నారు, రొదియోన్ ఆ బాపతు కాదు. లేచి గుమ్మం దగ్గర వదిలేసిన సంచీ తెచ్చుకున్నాడు. పండగ రోజు చర్చిలో చదవడానికి అవెర్కీ జీవితం రాయమని పెద్ద చర్చి వాళ్లు ఆయనకే అప్పజెప్పారు. అందుకని పాత పోలీసు దస్త్రం నకలు పంపారు. అందులోంచి ఒక పేజీ తీసి కాపా ముందు పెట్టి, ఆవిడ కళ్లకి అక్షరాలు ఆనవని గుర్తొచ్చి తనే చదివాడు.

"విచారించే అధికారి అడిగాడు: నీ కన్నకూతురే నిన్ను వదులుకుంది. పేపర్లో వేయించింది, ఇదిగో చూడు. ఇక నీ వెనక ఎవరున్నారు? దానికి మీ నాన్నగారి జవాబు: అది నేను చెప్పి చేయించిన పని. పిల్ల రాయనని ఏడిస్తే నేనే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని రాయించాను. పిల్ల తప్పేమీ లేదు, దాన్ని చదువుకోనివ్వండి. కింద ఆయన సంతకం."

"మళ్లీ చదవండి."

మళ్లీ చదివాడు.

"ఇంకోసారి."

మూడోసారి చదివేసరికి కాపా లేచి నిలబడింది. "అబద్ధం!" అని ఒక్క కేక పెట్టింది. వాకిట్లో బాతులు చెల్లాచెదురయ్యాయి. "పచ్చి అబద్ధం! పక్కన ఎక్కడ కూర్చున్నాడు? చెయ్యి ఎప్పుడు పట్టుకున్నాడు? నేను ఆయనకి చెప్పనే లేదు! ఆ పేపరు ఆయన అక్కడే, వాళ్ల చేతుల్లోనే మొదటిసారి చూసుంటాడు. అక్కడికక్కడే కల్పించి చెప్పేశాడు..." మెల్లగా బల్ల మీద కూలబడింది. "నా కోసం" అంది.

అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

కాపా ఏడ్చినంతసేపు ఏడ్చింది. మొహం కడుక్కొచ్చింది. కూర్చుంది. కూర్చున్న మనిషికి అంతలోనే ఇంకో భయం పుట్టింది.

"అయ్యగారూ, ఈ కాగితం ఆ పెద్దలందరూ చదివారా?"

"చదివారు."

"అది అబద్ధమని వాళ్లకి తెలియదుగా? తెలిస్తే మా నాన్నని ఆ జాబితాలోంచి తీసేస్తారా ఏమిటి? పరిశుద్ధుడు అబద్ధమాడకూడదు కదా?"

రొదియోన్ నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "దస్త్రాల్లో వాళ్లు వెతికేది ఒక్కటే మామ్మగారూ. పోలీసుల ముందు ఎవరినైనా ఇరికించాడా అని. ఎవరినైనా తప్పించినవాణ్ణి ఏం చెయ్యాలో నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు."

"మీరు పైకి రాస్తారా?"

"మీరు చెప్పిందంతా ఒప్పుకోలు కిందే విన్నాను. ఒప్పుకోలులో విన్నది నేను పైకీ రాయకూడదు, కిందకీ చెప్పకూడదు." ఆయన ఒప్పుకోలప్పుడు తల మీద కప్పే పూజ వస్త్రం దగ్గర లేక, తువ్వాలే ఆవిడ తల మీద కప్పి, క్షమాపణ ప్రార్థన చదివేశాడు. తర్వాత కింద పెట్టేసిన రొట్టె కూడా తిన్నాడు.

ఆయన ఉండగానే కాపా దేవుడి పటం కింద నుంచి పుస్తకం తీసింది. వెనక సగంలో మొదటి పేరు మీద పెన్సిలుతో గీత కొట్టింది. పెన్సిలు పట్టుకుని ఒక క్షణం ఆగింది.

"ముందు సగంలోకి మార్చనా?"

"వద్దు మామ్మగారూ, అందులోనూ వద్దు."

"ఎక్కడా ఇమడడు మా నాన్న" అంది కాపా, ముక్కు చీదుకుంటూ. ఆ మాటలో గర్వం అయ్యగారికి స్పష్టంగానే వినబడింది.

జూలైలో పండగ చేశారు. పట్నం నుంచి పెద్దయ్యగారు వచ్చారు, చుట్టుపక్కల ఆరు ఊళ్లు కదిలి వచ్చాయి. చర్చి ముందు పొడుగాటి బల్లలు వేసి చేపల రొట్టెలు, కోరిందపళ్ల రసం సిద్ధం చేశారు. దోమలు కూడా పండగ చేసుకున్నాయనుకోండి. అవెర్కీ అయ్యగారి ఫోటో ఒక్కటే మిగిలింది, జైల్లో తీసినది, దాన్ని చూసే చిత్రకారుడు పటం వేశాడు. పొట్టి మనిషిని ఆజానుబాహువుని చేశాడు, గడ్డం నల్లగా దిద్దాడు. పటం మీద గుడ్డ తొలగించగానే కాపా, "గడ్డం ఎర్రది" అంది. మెల్లగానే అన్నాననుకుంది. పెద్దయ్యగారు తల తిప్పి చూశారు, చిత్రకారుడు నేల చూశాడు, చర్చి మొత్తం కిసుక్కుమంది. వచ్చే ఏడాదికల్లా గడ్డం ఎర్రబడాలని పెద్దయ్యగారు అక్కడికక్కడే ఆజ్ఞాపించారు.

శాంతి పాటకి బదులు, మొట్టమొదటిసారి "పరిశుద్ధుడైన తండ్రీ అవెర్కీ, మా కోసం దేవుణ్ణి వేడుకో" అని పాట ఎత్తుకున్నారు. పటాన్ని ముందు కూతురే ముద్దు పెట్టుకోవాలని దారి ఇచ్చారు. నీలం రుమాలు కట్టుకుని కాపా వెళ్లి పటం ముందు నిలబడింది. నిలబడింది, నిలబడే ఉంది. పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం ఎవరికీ వినబడడం లేదు. పాట రెండుసార్లు తిరిగింది. వెనక వరస కాళ్లు మార్చుకుంది. పెద్దయ్యగారు దగ్గారు. చివరికి ఆవిడ వంగి తండ్రి చేతిని ముద్దు పెట్టుకుని, ఆ చెయ్యి మీద కాసేపు తల ఆనించి, కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఫైనా పక్కన నిలబడింది.

"ఏం అడిగావే అంతసేపు?" ఫైనా ఆగలేక మోచేత్తో పొడిచింది.

"నీ రక్తపోటు తగ్గించమన్నాను. వీధి చివరి లుకేర్యా అల్లుడి చేత తాగుడు మాన్పించమన్నాను. మన అయ్యగారి భార్యకి నెలలు నిండాయి కదా, కాన్పు తేలిగ్గా అవ్వాలన్నాను. ఈ ఏడు బంగాళాదుంపలకి పురుగు పట్టకూడదన్నాను."

"మరి నీ గురించో?"

"నా సంగతి ఆయన ముప్ఫై ఏడులోనే చూసుకున్నాడు" అంది కాపా.